కథకుడి బల్ల మీది పుస్తకాలు

డిసెంబరులో హైదరాబాదులోనూ, జనవరి మొదట్లో విజయవాడలోనూ పుస్తకాల పండుగలు జరుగుతాయి. ఆ దుకాణాల ముందు ప్రతి ఏడాదీ ఒక ప్రశ్న వినబడుతుంది. 'కథలు రాయడం ఎలాగో చెప్పే పుస్తకం ఏదైనా ఉందాండీ?' అడిగేది డిగ్రీ చదివే కుర్రవాడు కావచ్చు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన కావచ్చు, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కాస్త తీరిక చిక్కిన గృహిణి కావచ్చు. ఎవరైనా సరే, అడిగేటప్పుడు గొంతు కొంచెం తగ్గిస్తారు. కంప్యూటరు నేర్పే పుస్తకం అడిగేటప్పుడు లేని మొహమాటం ఇక్కడ ఎందుకో! వీణ నేర్చుకునే పిల్లను సరళీ వరుసల దగ్గర మొదలుపెట్టిస్తాం, ఏళ్ళ తరబడి గురువు దగ్గర కూర్చోబెడతాం. రాయడం మాత్రం పుట్టుకతో రావాలని, రానివాడికి ఎంత చెప్పినా రాదని ఒక నమ్మకం మనలో స్థిరపడిపోయింది. కథ రాయడం పుస్తకం చూసి నేర్చుకున్నానని చెప్పే కథకుడు మనకు బహుశా ఇంకా తారసపడలేదు.

పాతకాలం వాళ్ళకు ఈ పట్టింపు లేదు. ప్రతిభ ఉండాలి, లోకాన్నీ శాస్త్రాలనూ కావ్యాలనూ చూసిన నైపుణ్యం ఉండాలి, తెలిసినవాళ్ళ దగ్గర శిక్షణతో అభ్యాసం చేయాలి, ఈ మూడూ కలిస్తేనే కావ్యం అని మమ్మటుడు తేల్చి చెప్పాడు. మూడింటిలో రెండు నేర్చుకుంటే వచ్చేవే. పదకొండో శతాబ్దపు కాశ్మీరంలో క్షేమేంద్రుడు మరో అడుగు ముందుకు వేసి, కవి కావాలనుకునేవాడి కోసమే 'కవికంఠాభరణం' అనే చిన్న పుస్తకం రాశాడు. అందులో శిష్యులు మూడు రకాలు. కొద్ది శ్రమతో దారికి వచ్చేవాళ్ళు, గట్టిగా కష్టపడితే వచ్చేవాళ్ళు, ఏం చేసినా రానివాళ్ళు. ఈ మూడో జాబితాలో స్వభావంతోనే రాయిలాంటివాడితో పాటు, కష్టమైన వ్యాకరణం వల్ల చెడిపోయినవాడు, తర్కంతో మాడిపోయినవాడు కూడా ఉన్నారు. వెయ్యేళ్ళు గడిచినా ఆ చమత్కారం పదును తగ్గలేదు. వ్యాకరణ పండితులు ఎక్కువగా ఉండే సాహిత్య సభల్లో దాన్ని చదవకపోవడమే క్షేమకరం.

క్షేమేంద్రుడు మొదలుపెట్టేవాడికి చెప్పిన అభ్యాసం ఒకటి మరీ ముచ్చటగా ఉంటుంది. ముందు అర్థం జోలికి పోవద్దు, ఏవో మాటలు పేర్చి ఛందస్సు నడక మాత్రం పట్టుకో అంటాడు. ఆ తరువాత పెద్దల శ్లోకాల్లో మాటలు మార్చి చూడమంటాడు. ఇంకా ముందుకు పోతే నూరు శిక్షల పట్టీ ఉంది. నాటకాలు చూడటం, మంచి బొమ్మలు చూడటం, లోకం తీరు గమనించడం, దుఃఖంలో ఉన్నవాళ్ళ విలాపం వినడం, శ్మశానానికీ అడవికీ వెళ్ళి రావడం అన్నీ అందులో భాగమే. గ్రంథాలు చదవమనడం కంటే బయటికి వెళ్ళి రమ్మనడమే అక్కడ ఎక్కువ కనిపిస్తుంది.

అంతకు ముందరివాడైన రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో కవి దినచర్యనే రాసిపెట్టాడు. పగటిని నాలుగు జాములు చేసి, మొదటి జాము చదువుకు, రెండోది రచనకు ఇచ్చాడు. భోజనమయ్యాక తోటివాళ్ళతో కావ్యగోష్ఠి. నాలుగో జాములో పొద్దున రాసిన దాన్ని ఒంటరిగానో, ఒకరిద్దరు ఆప్తులతోనో కూర్చుని మళ్ళీ చూడాలి. ఎక్కువైంది తీసేయాలి, తక్కువైంది పూరించాలి, చోటు తప్పింది సరిచేయాలి. ఎందుకు పొద్దునే ఆ పని చేయకూడదట? రాసే ఆవేశంలో ఉన్నవాడికి మంచిచెడులు కనబడవు గనుక. ఇవాళ అమెరికాలోని చాలా రచనా పాఠశాలల్లో, ముందు ఆపకుండా చిత్తుప్రతి పూర్తిచెయ్యి, దిద్దడం తరువాత చూసుకుందాం అని మొదటి పాఠంగా చెప్పేది ఇదే. ఆ పుస్తకంలోనే కవి దగ్గర ఏమేం ఉండాలో కూడా ఉంది. పెట్టె, పలక, బలపం, తాటాకులు, ఇనుప గంటం, ఏమీ దొరకని వేళకు నున్నగా అలికిన గోడ. స్త్రీలు కూడా కవులు కాగలరని ఆ కాలంలోనే రాసిన రాజశేఖరుడు, తన భార్య అవంతిసుందరి అభిప్రాయాలను పేరుపెట్టి ఉదహరించాడు. రాసినదాన్ని ఎవరికి చూపించుకునేవాడో మనం ఊహించుకోవచ్చు.

ఇక తెలుగు కథ దగ్గరికి వద్దాం. చిత్తూరు జిల్లా విమర్శకుడు వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం' రాశారు. దానికి 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయనదే 'నవలాశిల్పం' మరొకటి. ఇంగ్లీషు సాహిత్యం పాఠాలు చెప్పిన మనిషి కావడం వల్ల పడమటి దేశాల పరిభాష అంతా ఆయనకు కొట్టినపిండి. అయినా దాన్ని తెలుగు కథలకు పెట్టి చూసి చెప్పారు. ఈ కథను ఎవరి కళ్ళతో చూస్తున్నాం, ఎవరి గొంతులో వింటున్నాం అనే ప్రశ్నలు మనకు అలవాటు చేసిన పుస్తకమది. కాళీపట్నం రామారావు 'కథాకథనం' తీరు వేరు. 'యజ్ఞం' కథ రాసిన చేయి, విశాఖపట్నంలో ఎన్నో ఏళ్ళు బడిపిల్లలకు పాఠాలు చెప్పిన చేయి ఒకటే అని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. కొత్తగా రాసేవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, నొప్పించకుండా, అలాగని ఊరికే మెచ్చుకోకుండా మాట్లాడినట్టు ఉంటుంది. తాను రాయడం బాగా తగ్గించుకుని, ఇతరుల కథలు చదవడానికీ దాచడానికీ జీవితంలో పెద్ద భాగం ఇచ్చిన మాస్టారు ఆయన. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టింది కూడా ఆ తపనతోనే. ఈ తరంలో మహమ్మద్ ఖదీర్‌బాబు 'కథలు ఇలా కూడా రాస్తారు' అంటూ సరదాగా, పేరులోనే ఒక చురక పెట్టి రాశారు. యండమూరి వీరేంద్రనాథ్ 'పాపులర్ రచనలు చేయడం ఎలా' అని ఏ దాపరికమూ లేకుండా తన కిటుకులు చెప్పేశారు. ఆ పుస్తకాన్ని చిన్నచూపు చూసేవాళ్ళున్నారు గానీ, పాఠకుడు పేజీ తిప్పాలని కోరుకోవడం నేరమేమీ కాదు.

అయితే ఈ పుస్తకాలకు ఒక చిక్కుంది. కథ ఒక్కటీ రాయకముందే వీటిని చదివితే భయపెడతాయి. ఎత్తుగడ, ముగింపు, సంఘర్షణ, దృష్టికోణం, ఇన్ని తూకాలు సరిపోవాలా అని కలం కిందపెట్టేస్తాడు మనిషి. నాలుగైదు కథలు రాసి, ఒకటి రెండు పత్రికల నుంచి తిరిగి వచ్చి, ఎక్కడో ఏదో కుదరడం లేదు అనిపించిన తరువాత చదివితే అవే పుస్తకాలు చేతికందే పనిముట్లవుతాయి. తన కథలో పొరపాటు ఏమిటో మనిషికి అస్పష్టంగా తెలుస్తూనే ఉంటుంది. దానికి పేరు తెలియదు. 'కథాశిల్పం' ఆ పేరు చెబుతుంది. శిల్పం మీద వచ్చిన పుస్తకాల నుంచి ఇంతకు మించి ఆశించకపోవడమే న్యాయం.

రచన నేర్పుతామని ఎక్కడా అనకుండానే నేర్పే పుస్తకాలు మరికొన్ని ఉన్నాయి. అందులో అన్నిటికంటే పైన ఉంచదగినది ఒక్క పుస్తకం కాదు, ఒకే పుస్తకం తాలూకు రెండు కూర్పులు. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. అది అయిదంకాల నాటకం. మనం చదువుకునేది, వేదిక మీద చూసేది 1909లో వచ్చిన రెండో కూర్పు. దానికి ఏడంకాలు. పేరు ఒకటే గాని, గురజాడ దాన్ని దాదాపు కొత్తగా రాశాడు. మొదటిదాన్ని పరిశోధకుడు బంగోరె 'మొట్టమొదటి కన్యాశుల్కం' పేరుతో వెలికితీసి అచ్చువేశారు గనుక రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివే అదృష్టం మనకుంది.

ఆ పని ఓపికగా చేసినవాడికి వేరే కార్యశాల అక్కరలేదు. మొదటి కూర్పే తక్కువదేమీ కాదు. వాడుక భాషలో నాటకం రాయవచ్చునని అప్పటికే నిరూపించింది, మెప్పు పొందింది. జనం మెచ్చుకున్న పుస్తకాన్ని పన్నెండేళ్ళ తరువాత రచయిత విప్పి మళ్ళీ కట్టాడంటే, మెప్పు దొరికిన చోట ఆయనకు తృప్తి దొరకలేదన్నమాట. మొదటి కూర్పులో మధురవాణి పాత్రకు పెద్ద చోటు లేదు. రెండో కూర్పుకు వచ్చేసరికి నాటకం చాలావరకు ఆమె తెలివితేటల మీద నడుస్తుంది. ఒక పాత్ర రచయిత అనుకున్న దానికంటే పెద్దదని అతనికి ఎప్పుడు తెలుస్తుంది, తెలిశాక మిగతా నాటకాన్ని ఆమె కోసం ఎంత జరపాల్సి వస్తుంది? ఈ ప్రశ్నకు సిద్ధాంత గ్రంథాల్లో జవాబు దొరకదు. రెండు కూర్పుల మధ్య ఏ మాట ఉండిపోయింది, ఏది పోయింది, ఏ సన్నివేశం సాగింది అని పెన్సిలు పట్టుకుని గీతలు పెడుతూ పోతే దొరుకుతుంది. మన విశ్వవిద్యాలయాల్లో రచన నేర్పే తరగతులు ఎక్కడైనా మొదలైతే మొదటి ఆరు నెలలూ ఈ ఒక్క పనితో గడిచిపోయినా నష్టం లేదు.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' కూడా ఇలాంటిదే. సంస్కృత పండితుల ఇంట పుట్టిన పిల్లవాడు ఇంటివాళ్ళ ఇష్టానికి ఎదురు తిరిగి తెలుగులోకి ఎలా వచ్చాడో అందులో ఉంది. బుచ్చిబాబు 'నా అంతరంగ కథనం' అంత సందడిగా ఉండదు గాని, రచయిత లోపల జరిగేదాన్ని ఆయన అంత నిజాయితీగా రాసినవాళ్ళు తక్కువ. ఆత్మకథల్లో రచయితలు తమ కష్టాన్ని కాస్త పెంచి, అదృష్టాన్ని కాస్త తగ్గించి చెబుతారు. అది తెలిసి చదువుకుంటే చాలు.

కథ రాస్తున్నప్పుడు చేయి చాపితే అందేంత దగ్గరలో ఉండాల్సినవి మాత్రం నిఘంటువులు. బహుజనపల్లి సీతారామాచార్యుల 'శబ్దరత్నాకరం' 1885 నాటిది. బ్రౌన్ నిఘంటువు అంతకు ముప్పై ఏళ్ళకు పైగా ముందుది. ఈ రెండూ ఇప్పటికీ పనికివస్తున్నాయి. బ్రౌన్ దొరను పండితులు తప్పుపట్టిన కారణమే కథకుడికి వరం. వీధిలో వినబడిన మాటను కూడా ఆయన వదిలిపెట్టలేదు. జి.ఎన్. రెడ్డి 'తెలుగు పర్యాయపద నిఘంటువు' మంచి పుస్తకమే గాని, కొత్త రచయిత చేతిలో కొంచెం ప్రమాదం. ఒక మాటకు పది మాటలు కనబడగానే అన్నిటికంటే బరువైనది ఎత్తుకోవాలనిపిస్తుంది. అలా రాసిన వాక్యం నిఘంటువు వాసన వేస్తుంది. మరచిపోయిన మాటను గుర్తుచేసుకోవడానికి దాన్ని తెరవాలి, తెలియని మాటను అరువు తెచ్చుకోవడానికి కాదు. బూదరాజు రాధాకృష్ణ పుస్తకాలు పాత్రికేయుల కోసం రాసినవని కథకులు పక్కన పెట్టేస్తుంటారు. తెలుగు వాక్యం ఎక్కడ ఇంగ్లీషు చొక్కా తొడుక్కుందో ఆయన చూపినంత నిర్మొహమాటంగా మరొకరు చూపలేదు.

వీటన్నిటికంటే విలువైనది, కథలు రాసేవాళ్ళలో చాలామంది తెరిచి చూడనిది 'మాండలిక వృత్తిపదకోశం'. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయం మీద మొదటి సంపుటం 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. చేనేత మీద రెండోది 1971లో వచ్చింది. తరువాత మరికొన్ని వృత్తుల మీద సంపుటాలు వచ్చాయి. ఇది గదిలో కూర్చుని పాత గ్రంథాల్లోంచి ఏరిన పదాల పట్టిక కాదు. మనుషులు ఊళ్ళు తిరిగి, ప్రశ్నల పట్టీ పట్టుకుని, రైతుల నోటి నుంచి విని రాసుకున్నది. ఏ మాట ఏ ప్రాంతంలో వాడతారో పక్కనే ఉంటుంది. తెలుగు నేలను భాష ప్రకారం నాలుగు మండలాలుగా గుర్తించడానికి కూడా ఆ సేకరణే ఆధారమయింది. శ్రీకాకుళం, విశాఖలది ఒకటి. గోదావరి, కృష్ణా, గుంటూరులది ఒకటి. నెల్లూరు, రాయలసీమలది ఒకటి. తెలంగాణది ఒకటి.

కథకుడికి దీనితో ఏం పని? 'రైతు నాగలి పట్టుకుని దున్నుతున్నాడు' అని ఎవరైనా రాయగలరు. అది రైలు కిటికీలోంచి చూసినవాడి వాక్యం. మేడి మీద చేయి ఎలా ఆనిందో, కర్రు ఎక్కడ రాయికి తగిలిందో, కాడి ఏ ఎద్దు మెడను ఒరుసుకుంటున్నదో రాసినవాడు పొలంలో నిలబడ్డాడు. మగ్గం అని ఒక్క మాట రాసి ఊరుకున్న కథలో నేతగాడు లేడు. పడుగు, పేక, నాడె, అచ్చు, కండె ఉన్న కథలోనే పోగు ఎక్కడ తెగుతుందో, తెగిన పోగు అతికే మనిషి వీపు ఎందుకు వంగిందో చెప్పడానికి వీలుంటుంది. వస్తువులకు పేర్లు తెలియని రచయిత ఆ లోటును విశేషణాలతో పూడ్చుకుంటాడు. మన పత్రికలకు వచ్చే కథల్లో దయనీయం, దుర్భరం, హృదయవిదారకం వంటి మాటలు గుట్టలు పడి ఉండటానికి కారణం రచయితకు జాలి ఎక్కువై కాదు, అతను చూసింది తక్కువై.

ఆ పదకోశం చదివి పెద్ద పెద్ద మాటలు కథనిండా చల్లుకోమని దీని అర్థం కాదు. అలా చల్లినవాళ్ళూ ఉన్నారు, ఆ కథలు చదవడానికి పక్కన మరో పదకోశం కావాలి. ప్రాంతపు మాటను కథలోకి తెచ్చే పని ఎంత హుందాగా చేయవచ్చునో పోరంకి దక్షిణామూర్తి చూపించారు. కథానిక మీద పరిశోధన చేసి, తెలుగు అకాడమీలో పనిచేసిన ఆయన మూడు నవలలను మూడు ప్రాంతాల వాడుకలో రాశారు. 'వెలుగూ వెన్నెలా గోదారీ' కోస్తా మాటలో, 'ముత్యాల పందిరి' తెలంగాణ మాటలో, 'రంగవల్లి' రాయలసీమ మాటలో. పండితుడి చెవికి, కథకుడి చేతికి మధ్య రాకపోకలు అంత సులువుగా సాగడం అరుదు.

ఈ పదకోశాలు ఏ దుకాణంలో అడిగినా చప్పున తీసి ఇచ్చే పుస్తకాలు కావు. పాత సంపుటాల కోసం పెద్ద గ్రంథాలయాలకో, పాత పుస్తకాలు అమ్మేవాళ్ళ దగ్గరికో వెళ్ళాలి. చాలా నిఘంటువులను ఒకేచోట వెతుక్కునే వీలు ఆంధ్రభారతి వంటి వేదికలు కల్పించాయి గనుక అమెరికాలో ఉండి తెలుగు కథ రాసేవాళ్ళకు కూడా కొంత దారి దొరికింది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సుంకం కడుతున్న మనం, మన ఊరి శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షల గైడ్ల పక్కన ఒక 'కథాశిల్పం', ఒక వృత్తిపదకోశం ఎందుకు లేవని అడగవచ్చు. ఇంతవరకు ఎవరైనా అడిగిన దాఖలా కనబడదు.

అరవై ఏళ్ళ కిందటి ఆ వృత్తిపదకోశం సంపుటాలకు ఇంకొక పరిమితి ఉంది. వాటిలో ఉన్న నాగలి చాలా ఊళ్ళలో ఇప్పుడు అటక మీద ఉంది. దాని స్థానంలో వచ్చిన పనులకు పదకోశం లేదు. అనంతపురంలోనో, నల్లగొండలోనో బోరు బండి పొలంలోకి వచ్చిన రాత్రి ఎన్ని మాటలు పుడతాయో చూడండి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి పాయింటు చూసేవాడు వేరు, బండివాళ్ళు వేరు. అడుక్కింత రేటు. కేసింగు ఎంత దిగితే అంత ఖర్చు. పైకి వచ్చే దుమ్ము రంగు మారిందా, తడి తగిలిందా అని రైతు పిడికిట పట్టి చూస్తాడు. నీళ్ళు పడితే రెండించులా, మూడించులా అని కొలుస్తారు. పడకపోతే బోరు ఫెయిలైందంటారు, ఆ ముక్క అనడానికి ముందు కాసేపు ఎవరూ మాట్లాడరు. నగరంలో తిండి పొట్లాలు మోసే కుర్రవాడికి ఆర్డరు పడుతుంది, స్లాటు దొరుకుతుంది, ఐడీ ఆగిపోతుంది. అపార్టుమెంటు వాచ్‌మన్ కుటుంబానికి, హార్వెస్టరు నడిపేవాడికి, రొయ్యల చెరువు కాపలా మనిషికి వాళ్ళ వాళ్ళ మాటలున్నాయి. వీటిలో సగం ఇంగ్లీషువని ముఖం చిట్లించనక్కరలేదు. రోజూ నోట నలుగుతున్న మాటలే అవి.

ఈ కొత్త మాటల సంపుటాలను విశ్వవిద్యాలయాలు, అకాడమీలు ఎప్పటికైనా వేస్తాయేమో. అప్పటిదాకా ఆగితే ఈ తరం కథ మిగలదు. భద్రిరాజు బృందం ఊళ్ళకు తీసుకువెళ్ళింది కాగితాలు, ప్రశ్నలు మాత్రమే. ఆ పాటి సరంజామా ఎవరి దగ్గరైనా ఉంటుంది. వెళ్ళినప్పుడు కష్టాలు చెప్పమని అడిగితే మనిషి బిగుసుకుపోతాడు, లేదా టీవీవాళ్ళకు చెప్పినట్టు చెబుతాడు. దీన్నేమంటారు, ఆ పైపుకు పేరేమిటి, ఆ చప్పుడు వస్తే ఏమైనట్టు అని ముందు పేర్లు అడగాలి. తన పని తనకంటే ఎవరికీ బాగా తెలియదన్న ధీమాతో అతను విప్పి చెప్పడం మొదలుపెడతాడు. ఎన్ని అడుగులు పోయింది, అది ఎన్నో బోరు, దానికి అప్పు ఎక్కడ తెచ్చాడు అన్నవి ఆ మాటల్లో అడగకుండానే వస్తాయి.